జవాబు సరే... ఎలా తెలుసు?



ఈ నెల మీతో ఒక సంఖ్య గురించి మాట్లాడాలనుకుంటున్నాను. 2147483647. పది అంకెలు ఉన్నాయి కాబట్టి చూడగానే ఎవరిదో ఫోన్ నంబర్ అనిపిస్తుంది. మన దగ్గర మొబైల్ నంబర్లు 2తో మొదలుకావు కనుక డయల్ చేసి చూడకండి. మాటల్లో చెప్పాలంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఇది ప్రైమ్ నంబర్, అంటే ప్రధాన సంఖ్య. ఒకటితో, తనతో తప్ప మరే సంఖ్యతో భాగించినా శేషం మిగులుతుంది.

ఈ మాట నిజమో కాదో ఇప్పుడు ఫోన్‌లో అడిగితే రెప్పపాటులో చెప్పేస్తుంది. కానీ కాలిక్యులేటర్ కూడా లేని రోజుల్లో ఒక మనిషి దీన్ని ఎలా తేల్చాడన్న కథలో, మన పిల్లల చదువుకు పనికొచ్చే విషయం ఒకటి ఉంది. నేను ఆరు నుంచి పదో తరగతి దాకా లెక్కలు చెబుతాను. మీలో చాలామంది కంటే వయసులో చిన్నదాన్ని, ఇంకా ముప్పై నిండలేదు. అయినా రోజూ మీ పిల్లల రఫ్ నోట్‌బుక్కులు చూసే మనిషిగా ఈ నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను.

ఈ సంఖ్య ఎక్కడిది?

చదరంగం గళ్లలో గింజలు పెట్టే కథ మీ అందరికీ తెలిసిందే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా గడి గడికీ రెట్టింపు. ఇప్పుడు ప్రతి గడి దగ్గరా ఆగి అప్పటిదాకా పెట్టిన గింజలన్నీ కూడండి. 1, 3, 7, 15, 31, 63, 127... ఇలా వస్తాయి. 31వ గడి దగ్గర ఆగి కూడితే వచ్చే మొత్తమే మన 2147483647. లెక్కల భాషలో 2³¹ − 1.

ఈ వరుసను నేను ఏడో తరగతిలో బోర్డు మీద రాస్తాను. "వీటిలో ప్రైమ్ నంబర్లు ఏవి?" అని అడుగుతాను. 2వ గడి దగ్గర 3, 3వ గడి దగ్గర 7, 5వ గడి దగ్గర 31, 7వ గడి దగ్గర 127. పిల్లలు ఇట్టే పట్టేస్తారు: గడి నంబర్ ప్రైమ్ అయితే మొత్తం కూడా ప్రైమే! "అయితే 11వ గడి?" అంటే క్లాసంతా ఒకే గొంతుతో "ప్రైమే మేడం!" అంటుంది. 11వ గడి దగ్గర మొత్తం 2047. అది 23, 89ల లబ్ధం. ప్రైమ్ కాదు.

ఆ క్షణాన క్లాసులో వచ్చే నిశ్శబ్దం నాకు చాలా ఇష్టం. నాలుగుసార్లు నిజమైనంత మాత్రాన ఐదోసారి నిజం కావాలని లేదని పిల్లలకు ఎవరో చెప్పడం వేరు, తమ చేత్తో తామే కనుక్కోవడం వేరు.

సరైన జవాబు చెప్పిన కటాల్డి

ఇటలీలోని బొలోనా నగరంలో పియెట్రో కటాల్డి అనే గణిత ఆచార్యుడు ఉండేవాడు. 1603లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన ఈ రకం సంఖ్యల గురించి రాశాడు. 17వ గడి దగ్గర వచ్చే 131071 ప్రధాన సంఖ్య అని చూపించాడు. 19వ గడి దగ్గర వచ్చే 524287 కూడా ప్రధాన సంఖ్యే అని చూపించాడు. ఎలా అంటే, వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో ఒక్కొక్కటిగా భాగించి. ఓపిక కావాల్సిన పనే, కానీ తిరుగులేని పని.

ఆ తర్వాత 23, 29, 31, 37 గడుల దగ్గర వచ్చేవి కూడా ప్రధాన సంఖ్యలే అన్నాడు. వీటికి మాత్రం రుజువు చూపలేదు. తర్వాతి కాలంలో 23, 37 విషయంలో ఆయన మాట తప్పని ఫెర్మా తేల్చాడు. 23వ గడి మొత్తం 8388607ని 47తో భాగిస్తే శేషం లేకుండా పోతుంది. 29 విషయంలోనూ తప్పేనని ఆయిలర్ తేల్చాడు. నాలుగింటిలో ఒక్క 31 మాత్రమే నిలబడింది.

ఇప్పుడు మీరే చెప్పండి. 2147483647 ప్రధాన సంఖ్య అని కటాల్డి చెప్పింది నిజమే కదా, మరి కనిపెట్టిన ఘనత ఆయనకు ఎందుకు ఇవ్వరు? ఓఎంఆర్ షీట్ మీద అయితే కటాల్డికి ఈ ప్రశ్నకు పూర్తి మార్కులు పడేవి. బుడగ నింపాడు, జవాబు సరిపోయింది, నాలుగు మార్కులు. అదే పద్ధతిలో పక్కన నింపిన మూడు బుడగలూ తప్పని తెలిసేదాకా అతనికి తెలిసిందెంతో, తెలియనిదెంతో ఎవరికీ తెలియదు. అతనికీ తెలియదు. అసలు ఇబ్బంది అదే.

ఆయిలర్ ఏం చేశాడు?

కటాల్డి పుస్తకం వచ్చిన 169 ఏళ్లకు, 1772లో, లియొనార్డ్ ఆయిలర్ బెర్నూలీకి రాసిన ఒక ఉత్తరం అచ్చయింది. అందులో 2147483647 ప్రధాన సంఖ్యేనని చెప్పి, ఎలా తేల్చాడో కూడా రాశాడు. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది. కంటిచూపు దాదాపు పూర్తిగా పోయింది.

మామూలు పద్ధతిలో వెళితే ఎంత పని అవుతుందో చూద్దాం. ఈ సంఖ్య వర్గమూలం 46,340 పైచిలుకు. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలు దాదాపు 4,800. అన్నిటితోనూ భాగించి చూడాలి. పది అంకెల సంఖ్యను కాగితం మీద 4,800 సార్లు భాగించడం! ఒక్కచోట పొరపాటు జరిగినా మొత్తం వృథా.

ఆయిలర్ ముందు కూర్చుని ఆలోచించాడు. ఈ సంఖ్యను ఏదైనా ప్రధాన సంఖ్య భాగించగలిగితే, ఆ భాగించేది ఎలా ఉండి తీరాలి?

2047తో చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. దాన్ని భాగించేది 23 కదా. 2 నుంచి మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ పోండి. 23 దాటినప్పుడల్లా 23 తీసేయండి. 2, 4, 8, 16, 9, 18, 13, 3, 6, 12, 1. సరిగ్గా 11 అడుగుల్లో 1కి వచ్చాం. ఇది కాకతాళీయం కాదు. 2¹¹ − 1ని 23 భాగిస్తుందంటే, 11వ అడుగులో 1కి రావాల్సిందే. మరోవైపు ఫెర్మా చెప్పిన నియమం ఒకటి ఉంది. 23 ప్రధాన సంఖ్య కాబట్టి 22 అడుగులు వేసినా కచ్చితంగా 1 దగ్గరే ఉంటాం. ప్రతి 11 అడుగులకూ 1కి వచ్చే బాటసారి 22వ అడుగులోనూ 1 దగ్గరే ఉన్నాడంటే, 22 అనేది 11కు గుణిజం అయి తీరాలి. అందుకే 2047ని భాగించే ఏ ప్రధాన సంఖ్యలోనైనా ఒకటి తీసేస్తే మిగిలేది 11కు గుణిజం. బేసి సంఖ్యలోంచి ఒకటి తీస్తే సరిసంఖ్య వస్తుంది కాబట్టి అది 22కు కూడా గుణిజమే. 23 − 1 = 22. 89 − 1 = 88. సరిపోయింది కదా!

ఇదే తర్కాన్ని 31కి వేయండి. 2147483647ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 62తో భాగించినప్పుడు 1 మిగలాలి. దీనికి తోడు ఇంకో నియమం ఉంది, అది పై తరగతుల్లో వస్తుంది. ఆ సంఖ్యను 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. రెండు షరతులనూ కలిపితే, 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 వచ్చే సంఖ్యలు మాత్రమే మిగులుతాయి. 46,340 లోపు అలాంటివి, 1నీ 63నీ వదిలేస్తే, 372. వాటిలో ప్రధాన సంఖ్యలు కానివి తీసేస్తే సుమారు 80 మిగులుతాయి.

4,800 భాగహారాలు సుమారు 80కి దిగాయి. అరవై రోజుల పని ఒక్క రోజుకు దిగినట్టు. ఆ సంఖ్యలన్నిటినీ పరీక్షించాడు. ఏదీ భాగించలేదు. కాబట్టి 2147483647 ప్రధాన సంఖ్య. ఆ తర్వాత చాలా ఏళ్ల దాకా మనిషికి తెలిసిన అతిపెద్ద ప్రధాన సంఖ్య ఇదే.

షార్ట్‌కట్ మంచిదే, కానీ...

మీలో కొందరికి ఈపాటికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. "మేడం, ఆయిలర్ చేసింది కూడా షార్ట్‌కటే కదా! మా పిల్లలకు నేర్పమని మేం అడిగేదీ అదే కదా!"

నిజమే. నేను షార్ట్‌కట్‌లకు వ్యతిరేకిని కాదు. గణితశాస్త్రంలో సగం షార్ట్‌కట్‌లే. కూడికకు షార్ట్‌కట్ గుణకారం. ఎక్కాలు కూడా షార్ట్‌కట్‌లే. కానీ కారణం తెలిసిన షార్ట్‌కట్‌కూ, బట్టీ పట్టిన షార్ట్‌కట్‌కూ చాలా తేడా ఉంది.

చిన్న ఉదాహరణ చెబుతాను. ఒక సంఖ్య 3తో భాగింపబడుతుందా అని తెలుసుకోవాలంటే అంకెలు కూడితే చాలని పిల్లలందరికీ తెలుసు. 9కీ అదే పద్ధతి. మన సంఖ్యలో అంకెలు కూడితే 46 వస్తుంది. 46ని 3 భాగించదు కాబట్టి 2147483647ని కూడా 3 భాగించదు. బాగుంది. ఇదే ఊపులో కొందరు పిల్లలు 7కి కూడా అంకెలు కూడేస్తారు. 34లో అంకెల మొత్తం 7 కాబట్టి 34ని 7 భాగిస్తుందని రాసేస్తారు! తెలివి తక్కువై కాదు. 3కి, 9కి ఆ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. 10 అంటే 9 + 1, 100 అంటే 99 + 1, 1000 అంటే 999 + 1. 9లన్నీ పక్కన పెడితే మిగిలేవి అంకెలే. ఇది చెప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది. అది అర్థమైన పిల్లవాడు 7 దగ్గర జన్మలో ఆ పొరపాటు చేయడు. 11కి ఏం చేయాలో తనంతట తానే వెతుక్కుంటాడు.

కారణం తెలియని షార్ట్‌కట్ అద్దెకు తెచ్చుకున్న సామాను లాంటిది. పరీక్ష అయిపోగానే తిరిగి ఇచ్చేయాల్సి వస్తుంది. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే చేతులెత్తేయడం, "ఇది మాకు చెప్పలేదు" అనడం, పదో తరగతి దాకా మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు ఇంటర్‌కు వెళ్లగానే లెక్కలంటే భయపడటం, వీటి వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

"దీనివల్ల ఉపయోగం ఏంటి?"

పేరెంట్-టీచర్ మీటింగుల్లో నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్నలు రెండు. "ఈ లెసన్‌కు ఎన్ని మార్కులు?", "ఇది ముందు ముందు ఎందుకైనా పనికొస్తుందా?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఫీజు కడుతున్నవాళ్లు అడగకపోతే ఎవరు అడుగుతారు?

రెండో ప్రశ్న 1811లో పీటర్ బార్లో అనే ఆంగ్ల గణితవేత్తకు కూడా వచ్చింది. మన 2147483647 నుంచి 2305843008139952128 అనే పరిపూర్ణ సంఖ్య పుడుతుంది. పరిపూర్ణ సంఖ్య అంటే, తనను వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ తానే వచ్చే సంఖ్య. 6 అలాంటిదే: 1 + 2 + 3 = 6. ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ ఎప్పటికీ కనుక్కోకపోవచ్చని బార్లో అభిప్రాయపడ్డాడు. ఆయన చెప్పిన కారణం ఏమిటంటే, ఇవి వింతలే తప్ప ఉపయోగం లేనివి, కాబట్టి ఎవరూ అంత శ్రమ పడరని.

బార్లో లెక్క రెండు విధాలుగా తప్పింది. మొదటిది, మనుషులు శ్రమ పడ్డారు. 1876లో ఫ్రాన్స్‌కు చెందిన ఎడువార్డ్ లూకా 127వ గడి దగ్గర వచ్చే 39 అంకెల సంఖ్య ప్రధాన సంఖ్య అని చేతిలెక్కతోనే తేల్చాడు. తర్వాత అమెరికాకు చెందిన లేమర్ ఆ పద్ధతిని మెరుగుపరిచాడు. ఆ పద్ధతి మీ పిల్లలు కూడా చేయగలరు. 127 ప్రధాన సంఖ్య అవునా కాదా? 4తో మొదలుపెట్టండి. దాన్ని దానితోనే గుణించి 2 తీసేయండి. 127 కంటే ఎక్కువైతే 127తో భాగించి శేషం ఉంచుకోండి. 127 ఏడో గడిది కాబట్టి ఏడులోంచి రెండు తీసేసి, ఐదుసార్లు ఇలా చేయాలి. 4, 14, 67, 42, 111, 0. చివర సున్నా వచ్చింది కాబట్టి 127 ప్రధాన సంఖ్య. ఇదే పద్ధతిలో మన పది అంకెల సంఖ్యకు 29 మెట్లు చాలు. 2024 అక్టోబరులో ప్రకటించిన ప్రధాన సంఖ్య కూడా ఈ కుటుంబంలోదే. అది 13,62,79,841వ గడి దగ్గర వచ్చే సంఖ్య. అందులో 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి.

రెండోది, ఉపయోగం వచ్చింది. అదీ ఈ సంఖ్యకే. కంప్యూటర్ పాచికలు వేయాలంటే, అంటే ఏది వస్తుందో ఊహకందని అంకెలు పుట్టించాలంటే, ఒక పాత పద్ధతి ఉంది. ఏదో ఒక సంఖ్య తీసుకోవాలి, 16807తో గుణించాలి, 2147483647తో భాగించి శేషం తీసుకోవాలి, మళ్లీ అదే పని. 1969లో ఐబీఎం కంప్యూటర్ల కోసం దీన్ని ప్రతిపాదించారు. ఇప్పటికీ సి ప్లస్ ప్లస్ భాష లైబ్రరీలో ఇది ఉంది. ఇందులో ఒక్క సంఖ్య కూడా రెండోసారి రాకముందే 1 నుంచి 2147483646 దాకా అన్నీ ఒక్కొక్కసారి వచ్చేస్తాయి. అది సాధ్యమయ్యేది 2147483647 ప్రధాన సంఖ్య కాబట్టే. చిన్నగా చూడాలంటే 7తో చూడండి. 3తో గుణిస్తూ 7తో భాగిస్తే శేషాలు 3, 2, 6, 4, 5, 1. ఆరూ వచ్చాయి. 7 బదులు ప్రధాన సంఖ్య కాని 8 పెట్టండి: 3, 1, 3, 1. రెండింటి దగ్గరే గానుగెద్దులా తిరుగుతుంది.

ఇంకో విషయం మీ పిల్లలకు నేరుగా సంబంధించింది. పాత కంప్యూటర్ వ్యవస్థలు చాలావరకూ 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెట్టి సమయం చెబుతాయి. ఆ లెక్కకు 32 బిట్ల చోటే ఇచ్చినవాటిలో పట్టగల అతిపెద్ద సంఖ్య 2147483647. ఒక బిట్ ప్లస్, మైనస్ గుర్తుకు పోగా, మిగతా 31 బిట్లూ ఒకట్లతో నిండిపోతే వచ్చేది ఇదే. మన దేశ కాలమానం ప్రకారం 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ చోటు నిండిపోతుంది. ఆ తర్వాతి సెకనులో, సరిచేయని యంత్రాలు 1901లో ఉన్నామనుకుంటాయి. ఇప్పుడు మన హైస్కూల్లో ఉన్న పిల్లలు అప్పటికి ఉద్యోగాల్లో ఉంటారు. ఆ యంత్రాలను సరిచేసేవాళ్లలో వాళ్లూ ఉండొచ్చు. ఇక్కడ ఆ సంఖ్య ప్రధాన సంఖ్య కావడంతో పని లేదనీ, 2³¹ − 1 కావడంతోనే పని అనీ గమనించగల పిల్లవాడికి లెక్కలు వచ్చినట్టే.

ఐఐటీ గురించి ఒక మాట

మనం ఐఐటీ అనగానే ర్యాంకు గురించి మాట్లాడుకుంటాం. అక్కడ జరిగిన ఒక పని గురించి చెబుతాను. ఏ సంఖ్యనైనా, ఎంత పెద్దదైనా, అది ప్రధాన సంఖ్య అవునా కాదా అన్నది అదృష్టం మీద ఆధారపడకుండా, రుజువు కాని ఊహల మీద ఆధారపడకుండా, వేగంగా తేల్చే పద్ధతి ఉందా అన్న ప్రశ్నకు చాలా కాలం జవాబు దొరకలేదు. 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అలాంటి పద్ధతి ఉందని రుజువు చేశారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. ఆ ముగ్గురిలో కయాల్, సక్సేనా అప్పుడే బీటెక్ పూర్తి చేసిన కుర్రాళ్లు.

వాళ్లూ ఎంట్రన్స్ రాసే లోపలికి వెళ్లారు. బుడగలు, ర్యాంకులు, గడియారం, అన్నీ అవసరమే. కానీ లోపలికి వెళ్లాక వాళ్ల చేత ఆ పని చేయించింది "ఎలా తెలుసు?" అన్న ప్రశ్న. ఆ ప్రశ్న అడిగే అలవాటు ఎంట్రన్స్ గేటు దగ్గర ఎవరూ పంచిపెట్టరు. ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో ఇంట్లోనూ బడిలోనూ పడాలి.

మిమ్మల్ని కోరేది

పోటీ ఎంత గట్టిగా ఉందో నాకు తెలుసు. వారం వారం పరీక్షలు పెట్టేది మేమే. మార్కుల మెసేజ్‌లు మీ ఫోన్లకు పంపేదీ మేమే. కాబట్టి ఈ బాధ్యత మీ ఒక్కరిదే అనడం న్యాయం కాదు. సిలబస్ పూర్తి చేయాలన్న తొందరలో "ఎందుకు" అన్న ప్రశ్నను దాటేసి ముందుకెళ్లే క్లాసులు ఉపాధ్యాయులందరికీ ఎదురవుతాయి. అయినా ఇంట్లో మీరు చేయగలిగినవి మూడు ఉన్నాయి.

ఒకటి. మార్కుల మెసేజ్ రాగానే "ఎన్ని వచ్చాయి?" అని అడగండి, తప్పులేదు. దాంతోపాటు ఒక ప్రశ్న చూపించి "ఇది ఇలాగే అవుతుందని నీకు ఎలా తెలుసు?" అని కూడా అడగండి. తప్పు చేసిన లెక్క గురించే కాదు, రైటు చేసిన లెక్క గురించి కూడా. జవాబు మీకు అర్థం కావాల్సిన పని లేదు. మీకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు. మీకు చెప్పే ప్రయత్నంలో వాళ్లకే తెలుస్తుంది, తమకు తెలిసింది ఎంతో.

రెండు. రఫ్ నోట్‌బుక్ చూడండి. ఫెయిర్ నోట్‌బుక్ అందంగా ఉంటుంది, అందులో కొట్టివేతలు ఉండవు. ఆలోచన జరిగేది రఫ్‌లో. కొట్టివేతలు ఉంటే కోప్పడకండి. అసలు రఫ్ ఏమీ లేకుండా జవాబులు మాత్రమే ఉంటే, అప్పుడు నాతో మాట్లాడండి.

మూడు. వారంలో ఒక్క అరగంట, ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక, ఒకే ఒక్క లెక్కతో కూర్చోనివ్వండి. టైమర్ వద్దు, మార్కులు వద్దు. రాకపోతే వచ్చే ఆదివారం మళ్లీ చూడొచ్చు.

మొదటి ఆదివారానికి లెక్క నేనే ఇస్తాను. 131071 ప్రధాన సంఖ్య అవునా? ఇది 17వ గడి దగ్గర వచ్చే సంఖ్య, కటాల్డి తేల్చింది. దీని వర్గమూలం 362 పైచిలుకు. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలు 72. అన్నిటితోనూ భాగించనక్కర్లేదు. ఆయిలర్ తర్కం ప్రకారం, దీన్ని భాగించేది ఏదైనా ఉంటే దాన్ని 34తో భాగించినప్పుడు 1 మిగలాలి, 8తో భాగించినప్పుడు 1 గానీ 7 గానీ మిగలాలి. 362 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు మూడే మూడు ఉన్నాయి. అవేమిటో నేను చెప్పను. మీ అమ్మాయో అబ్బాయో వాటిని వెతికి, మూడు భాగహారాలు చేసి, తేల్చిన కాగితాన్ని సోమవారం బడికి తెస్తే చూడాలని ఉంది. కాగితం మీద "అవును" అని ఒక్క మాట మాత్రమే ఉంటే మాత్రం వెనక్కి పంపుతాను.

— గణిత ఉపాధ్యాయురాలు, హైస్కూల్ విభాగం